ఎనిమిదో జీను

ఇరవై ఏడేళ్ల నౌకరీలో దస్తగిరిని జీనుల గురించి ఎవరూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పెదకోటూరు అశ్వ పోలీసు దళంలో గుర్రాలు పద్నాలుగు, వాటినెక్కే కానిస్టేబుళ్లు పద్దెనిమిది మంది, వాళ్ల నెత్తిన అధికారులు నలుగురు. ఇంతమందికీ కలిపి జీనుల మిస్త్రీ అతనొక్కడే. జీను సరిగ్గా కుదిరిందంటే కింద గుర్రమూ మరిచిపోతుంది, పైన రౌతూ మరిచిపోతాడు. తనను ఎవరూ తలుచుకోవడం లేదంటే తన పని బాగున్నట్టేనని దస్తగిరి ఎప్పుడో సరిపెట్టుకున్నాడు.

అలాంటివాడి గదికి ఒక సోమవారం పొద్దున కొత్త కమాండెంట్ సుధీంద్రనాథ్ గారు తనే నడిచొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, జీనులెన్ని రకాలు, ఏది దేనికి వాడతారు అని అడిగేసరికి అతను కుడుతున్న సూదిని తోలులోనే వదిలేసి లేచి నిలబడ్డాడు.

కమాండెంటు గారు విదేశంలో మూడు వారాల అశ్వ నిర్వహణ శిక్షణ పొంది అప్పుడే తిరిగొచ్చారు. వస్తూ వస్తూ ఒక పెట్టెడు పుస్తకాలూ, ఒక వాక్యమూ తెచ్చుకున్నారు. ‘సరైన పనికి సరైన పరికరం’ అన్నది ఆ వాక్యం. దాన్ని ఆయన టీ తాగేటప్పుడూ అన్నారు, రిటైరైన జమాదారు వీడ్కోలు సభలోనూ అన్నారు. ఆ వాక్యానికి తగిన పని కోసం వెతుకుతుంటే జీనుల గది కంటబడింది.

దస్తగిరి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గోడకున్న కొయ్యల మీంచి ఒక్కొక్క జీనే దించి, బల్ల మీద పెట్టి, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు నిమురుతూ చెప్పాడు. ఇది కవాతు జీను. ఇత్తడి బొడిపెలుంటాయి, బరువెక్కువ, చూపుకు దర్జా, గంట దాటితే గుర్రానికి నరకం. ఇది గస్తీ జీను. అడుగున మెత్తలు వెడల్పుగా ఉంటాయి, మనిషి బరువు వీపంతా పరుచుకుంటుంది, రోజంతా ఎక్కినా వెన్ను నలగదు. ఈ దూకుడు జీనుకు పక్క రెక్కలు ముందుకు సాగి ఉంటాయి, అడ్డంకి దూకేటప్పుడు రౌతు మోకాళ్లు అందులో ఒదుగుతాయి. ఇదిగో, అరచేతిలో పట్టేది, పందెం జీను. అరకిలో తూగదు. దీని మీద ఎవరూ కూర్చోరు, రికాబుల్లో కాళ్లుంచి పైకి లేచి వంగుతారు. పశువులు తోలేవాళ్ల జీనుకు ముందర కొమ్ముంటుంది, తాడు వేసి దానికి మెలిపెడితే ఎద్దయినా ఆగుతుంది. వెనకటి దొరసానులు రెండు కాళ్లూ ఒకపక్కే వేసుకుని కూర్చునే పక్కవాటు జీను కూడా మూలనొకటి ఉంది, దుమ్ము దులిపి చూపించాడు. ఆఖరిది మోత జీను. దాని మీద మనిషి ఎక్కడు, మూటలెక్కుతాయి.

రెండు గంటలు గడిచాయి. కమాండెంటు గారు కదల్లేదు. వెంట వచ్చిన గుమాస్తా అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. లేచేటప్పుడు కమాండెంటు గారు దస్తగిరి భుజం తట్టి, రౌతు కొద్దీ గుర్రం అని పెద్దలు పొరబాటున అన్నారు, జీను కొద్దీ గుర్రం అనాలి, అన్నారు.

ఆ సాయంత్రం దస్తగిరి ఇంటికి నడిచి పోలేదు, తేలిపోయాడు. భార్య మాబున్ని జొన్నరొట్టెలు తడుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని జరిగిందంతా రెండుసార్లు చెప్పాడు. ఆమె రొట్టె తిప్పేసి, "ఆయప్ప విన్న్యాడు సరే. రాసుకున్న్యాడంటివే, అదేటికి?" అని అడిగింది.

జవాబు నెల రోజులకు అచ్చయి వచ్చింది. రెండొందల పన్నెండు పేజీల ‘జీనుల ప్రయోజన వర్గీకరణ నియమావళి’. మొదటి పేజీలో గీత గీసిన అక్షరాల్లో ఇలా ఉంది: ‘ప్రతి అశ్వ విధికి ఒక నిర్దేశిత జీను ఉండవలెను. నిర్దేశిత జీను లేకుండా నిర్వహింపబడిన విధి, విధిగా పరిగణింపబడదు.’ లోపల ఏడు అధ్యాయాలు. ప్రతి అధ్యాయంలోనూ దస్తగిరి మాటలే, కాకపోతే కవాతు బట్టలు తొడుక్కున్నాయి. ‘వెన్ను నలగదు’ అన్నది ‘పృష్ఠభాగ పీడనం కనిష్ఠీకరింపబడును’ అయింది. దస్తగిరి వాటిని కూడబలుక్కుని చదివి, తన మాటలేనని గుర్తుపట్టి మురిసిపోయాడు. మురిపెం శుక్రవారం దాకా నిలిచింది.

శుక్రవారం హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు గడియారం స్తంభం దగ్గర గస్తీలో ఉన్నాడు. మనిషి తొంభై కిలోలు, మనసు వెన్న. అతని కింద ఉన్నది సివంగి, దళం మొత్తానికి చురుకైన గోధుమరంగు ఆడగుర్రం. కళ్ల ముందే ఒకడు పూలు కొంటున్న ఆమె మెడలో గొలుసు తెంచుకుని పరిగెత్తాడు. సివంగి చెవులు నిక్కబొడుచుకుని వాడి వెంట ఒక అంగ వేసింది కూడా. ఓబులేసు కళ్లెం బిగించి ఆపాడు. వేసి ఉన్నది గస్తీ జీను. వెంబడించడం నాలుగో అధ్యాయం, దానికి పందెం జీను కావాలి. అతను గుర్రాన్ని వెనక్కి తిప్పి, దొంగ పోయిన వైపుకు సరిగ్గా ఎదురు దిశలో, గుర్రపుశాలకేసి దౌడు తీయించాడు. ఎటు పోతున్నాడో అర్థంగాక ఆ దొంగ కూడా ఒక నిమిషం నిలబడి చూశాడని పూలమ్మే ఆమె తరవాత అందరికీ చెప్పింది.

శాలలో జీను మార్పిడి విజ్ఞప్తి పత్రం మూడు ప్రతులు నింపి, సంతకం చేయించి, దస్తగిరి చేత గస్తీ జీను విప్పించి పందెం జీను కట్టించేసరికి నలభై నిమిషాలు. అరకిలో జీను మీద తొంభై కిలోల ఓబులేసు లేచి వంగి బజారుకు తిరిగొచ్చేసరికి అక్కడ వెంబడించడానికి ఎవరూ మిగల్లేదు. అయినా నియమం ప్రకారం స్తంభం చుట్టూ మూడుసార్లు దౌడు తీసి వెనక్కొచ్చాడు.

నివేదిక చూసి కమాండెంటు గారు సంతృప్తి వెలిబుచ్చారు. నిందితుడు పట్టుబడకపోవడం నిందితుడి వైఫల్యమనీ, వెంబడింపు మాత్రం సర్వ ప్రమాణాల ప్రకారం జరిగిందనీ రాశారు. ఒక్క లోటు మాత్రం ఒప్పుకున్నారు. జీను దగ్గరికి గుర్రం రావడమేమిటి, గుర్రం దగ్గరికే జీను పోవాలి.

ఆ మర్నాటి నుంచి గస్తీ గుర్రం వెనకాల మోత జీను వేసిన ఇంకో గుర్రం, దాని మీద మిగతా ఐదు రకాల జీనులు, దాని వెనక చెప్పులరిగేలా దస్తగిరి, అతని వెనక ఫారాల కట్టతో గుమాస్తా, అందరికన్నా వెనక ఒక డేరా. బహిరంగంగా జీను మార్చడం అశ్వ గౌరవానికి భంగమని అనుబంధంలో ఉంది. ఊరేగింపు బజారులోకి వస్తుంటే జనం ముందు దేవుడి ఉత్సవం అనుకుని దండాలు పెట్టారు, తరవాత అలవాటు పడ్డారు. దొంగలు ఇంకా ముందే అలవాటు పడ్డారు.

దళంలోని ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లూ ఆరేళ్లుగా ప్యాంట్లు వేసుకుని అందరిలాగే గుర్రమెక్కేవాళ్లు. ఇప్పుడు ఆరో అధ్యాయం కింద వాళ్లు రెండు కాళ్లూ ఒకపక్కకే వేసుకోవాల్సి వచ్చింది. పడితే ఎవరిది పూచీ అని వాళ్లు రాతపూర్వకంగా అడిగారు. మహిళా గౌరవ పరిరక్షణలో భాగంగా జరుగు పతనములు పతనములుగా పరిగణింపబడవని రాతపూర్వకంగానే జవాబొచ్చింది.

ఒకరోజు పెద్దరోడ్డు మీద ఒక ఎద్దు అడ్డంగా నిలబడింది. గస్తీ జీను విప్పి కొమ్ము జీను కట్టారు. ఈలోగా ఎద్దు పక్కనున్న కాలువ దాటింది. కొమ్ము జీను విప్పి దూకుడు జీను కట్టారు. అవతలి గట్టు మీద మళ్లీ కొమ్ము జీను. ఎద్దు పరుగందుకుంటే పందెం జీను. ఐదో మార్పిడికి డేరా వేస్తుండగా ఎద్దుకు విసుగొచ్చి తనంతట తనే ఇంటికి పోయింది.

నవ్వినవాళ్లు నవ్వారు గానీ దస్తగిరికి నవ్వు రాలేదు. రోజుకు పదిహేను, ఇరవై సార్లు జీను మారుతుంటే కింద పరిచే గుడ్డ సరిగ్గా పడటం లేదు, పొట్టపట్టీ బిగింపు కుదరటం లేదు, చెమట ఆరకముందే ఇంకో బరువు ఎక్కుతోంది. మూడో వారంలో సివంగి భుజాల పైన, మెడ వీపుతో కలిసే చోట, రూపాయి బిళ్లంత పుండు పడింది. దస్తగిరి వేలు దగ్గరికి తీసుకుపోగానే ఆ గుర్రం చర్మం జలదరించింది. అతని చేతి కింద ఇరవై ఏడేళ్లలో ఏ గుర్రానికీ వీపు పుండు పడలేదు.

పశువైద్యురాలు కుసుమకుమారి వచ్చి చూసి, మందు రాసి, మూడు వారాల పాటు జీను వేయొద్దని చీటీ ఇచ్చింది. చీటీ ఆఫీసుకు పోయింది. ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. జీను లేని గుర్రానికి విధి లేదు. పదిహేను రోజులు విధి లేని గుర్రం ‘నిష్ప్రయోజన అశ్వం’. నిష్ప్రయోజన అశ్వాన్ని పదహారో రోజున బహిరంగ వేలం వేయవలెను.

ఆ కాగితం పట్టుకుని దస్తగిరి మొదటిసారి కమాండెంటు గారి గది గడప తొక్కాడు. నిలబడే మాట్లాడాడు. పుండు మానిపోతుందనీ, వేలం ఇంకో వారం ఆపితే చాలనీ, వేలంలో కొనేవాళ్లు ఆ వీపు మీదే ఇటుకలు మోయిస్తారనీ చెప్పాడు. కమాండెంటు గారు మర్యాదస్తుడు, అంతా విన్నారు. విని, నియమావళికి మూలపురుషుడివి నువ్వే కదా మిస్త్రీ, నీ మాటకు నువ్వే అడ్డొస్తావా అన్నారు.

"నేను జెప్పింది ఏ జీను ఎందుకు పుట్టిందో సార్," అన్నాడు దస్తగిరి. "గుర్రం ఎందుకు పుట్టిందో నేనేమీ జెప్పలేదు. జీను పుట్టింది గుర్రం ఎన్ను కాపాడనీకే. మీరు జీనును కాపాడతాండారు."

కమాండెంటు గారు ఆ మాట నచ్చినట్టే తలూపారు. "గుర్రం అనే అంశం రెండవ సంపుటంలో ప్రత్యేక అధ్యాయంగా పరిశీలనలో ఉన్నది," అన్నారు.

వేలం శనివారానికి పడింది. బుధవారం నుంచి వాన పట్టుకుంది. రెండు రోజులు కురిసి కురిసి, శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకల్లా ఊరి బయట ఎర్రవంక పొంగింది. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప నీటి బొట్టు కనిపించని వంక అది. సంతకు వచ్చే పల్లె బస్సు అలవాటు కొద్దీ చప్టా మీదికి దిగింది. సగం దాటాక ఇంజను ఆగింది. ఎర్రటి నీళ్లు కిటికీల అంచుల దాకా వచ్చాయి. లోపల డ్రైవరుతో కలిపి పదకొండు మంది. ఫైరింజను ఉన్నది వంకకు అవతలి ఒడ్డునున్న పట్నంలో.

దళమంతా పరేడ్ మైదానంలోకి వచ్చి వరస కట్టింది. కమాండెంటు గారు నియమావళి తెరిచారు. కవాతు ఉంది, గస్తీ ఉంది, వెంబడింపు, అడ్డంకి, పశువులు, మహిళలు, మోత ఉన్నాయి. నీళ్లు లేవు. వరద నీరు ఒక అడ్డంకి కాబట్టి దూకుడు జీను వర్తిస్తుందని ఒక అధికారి అన్నాడు. కొట్టుకుపోతున్న నీటిని వెంబడించాలి కాబట్టి పందెం జీనని ఇంకొకడు. మనుషుల్ని మోసుకురావాలి గనక మోత జీనని మూడోవాడు. మూడూ వరసగా కట్టి చూశారు, విప్పారు. రాజధానికి ఫోను కలిపి స్పష్టత కోరారు. స్పష్టత కోసం ఉపసంఘాన్ని పిలుస్తామని అటునుంచి చెప్పారు.

దస్తగిరి అక్కడ లేడు. శాలలో సివంగి దగ్గరున్నాడు, రేపటి వేలానికి దాని తోక దువ్వుతూ. ఓబులేసు రొప్పుతూ వచ్చి, "దస్తగిరన్నా, ఆడ నీళ్లు కిటికీల్లోకి పోతాండాయి. అండ్ల ముసిలోళ్లుండారు, పిల్లలుండారు," అన్నాడు. అని, సివంగికేసి చూశాడు. పద్నాలుగు గుర్రాల్లో ఆ క్షణాన ఏ జీనూ లేకుండా, ఎవరి నిర్ణయం కోసమూ ఆగకుండా ఖాళీగా ఉన్నది అదొక్కటే.

దస్తగిరికి భయం వేసింది. అతను గుర్రాలకు జీనులు కట్టినవాడే గానీ గుర్రమెక్కి ముప్పై ఏళ్లయింది. కానీ ఓబులేసు తొంభై కిలోలు, తాను యాభై ఎనిమిది. పుండు భుజాల మీద ఉంది, వెనక్కి జరిగి కూర్చుంటే తగలదు. ఇదంతా అతను ఆలోచించి చేసిన లెక్క కాదు, వీపును చూడగానే చేతులు చేసే లెక్క. మొక్కజొన్న బస్తాలు కట్టే లావు తాడు భుజాన వేసుకుని, తొట్టి గోడ ఎక్కి, సివంగి వీపు మీదికి జారాడు. పిల్లప్పుడు గుర్రాలను నీళ్లకు తోలుకుపోయినప్పటిలా జూలు పిడికిట పట్టాడు. "పోదాం పా తల్లీ," అన్నాడు.

పరేడ్ మైదానం పక్క నుంచే పోయారు. ఎవరూ ఆపలేదు. జీను లేదు గనక ఆ గుర్రం విధిలో ఉన్నట్టు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఓబులేసు తాడు కొసను ఒడ్డున చింతచెట్టు మొదలుకు కట్టాడు. సివంగి నీళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ముక్కుతో వాసన చూసి దిగింది. నీళ్లు మోకాళ్లు దాటాయి, పొట్ట దాటాయి. కింద రాయి జారినప్పుడల్లా దాని ఒళ్లు వణకడం దస్తగిరి తొడలకు తెలిసింది. జీనుంటే అది అతనికి తెలిసేది కాదు. ఆ వణుకును బట్టే ఎటు మళ్లించాలో అతనికి అర్థమవుతూ వచ్చింది. బస్సు దగ్గరికి చేరాక రెండో కొసను వెనక నిచ్చెనకు బిగించారు. కాళ్లలో బలమున్నవాళ్లు తాడు పట్టుకుని నడిచారు. ముసలివాళ్లను, పిల్లలను సివంగి నడుము మీద కూర్చోబెట్టి, తాను దిగి మెడ పట్టుకుని గొంతులోతు నీళ్లలో నడిపించాడు. ఆరుసార్లు పోయారు, ఆరుసార్లు వచ్చారు. ఆఖరి ట్రిప్పులో వచ్చిన సుంకమ్మ అనే డెబ్బై ఏళ్ల మనిషి, కోళ్ల గంప లేనిదే దిగనంది. గంపతో సహా వచ్చింది.

అందరూ ఒడ్డెక్కాక పావుగంటకు బస్సు ఒక పక్కకు ఒరిగి, మెల్లగా, తొందర లేనట్టుగా కొట్టుకుపోయింది. దస్తగిరి సివంగి మెడకు తల ఆనించి నిలబడ్డాడు. పుండు మీద కట్టు తడిసింది గానీ రక్తం రాలేదు.

మర్నాడు వేలం జరగలేదు. జరగకపోవడానికి కారణం దయ కాదు, విచారణ. రాజధాని నుంచి సంయుక్త కార్యదర్శి పరాంకుశం గారు నేరుగా వచ్చారు. ప్రశ్న ఒక్కటే. రక్షణ చర్య ఏ జీను కింద జరిగింది?

ఏ జీనూ లేదని దస్తగిరి చెప్పాడు. పరాంకుశం గారు మొదటి పేజీ తీసి చదివారు. నిర్దేశిత జీను లేకుండా నిర్వహింపబడిన విధి విధిగా పరిగణింపబడదు. కావున రక్షణ జరగలేదు. కావున పదకొండు మంది రక్షింపబడలేదు. ఆ సంగతి వారికి తెలియజేయుట ధర్మం గనక పదకొండు మందినీ పిలిపించారు. వాళ్లు బల్ల మీద వరసగా కూర్చున్నారు. సుంకమ్మ కోళ్ల గంపతోనే వచ్చింది.

మీరింకా రక్షింపబడని స్థితిలోనే ఉన్నారని పరాంకుశం గారు వాళ్లకు నెమ్మదిగా, నొప్పించకుండా వివరించారు. సుంకమ్మే అడిగింది.

"అయితే మమ్మల్ని మల్లా వంకలో దించుతారా సారూ?"

పరాంకుశం గారు ఆ సూచనను తోసిపుచ్చలేదు. కలం మూత తీసి రాసుకున్నారు. "అది ఒక ప్రత్యామ్నాయమే. అయితే ప్రస్తుతం నీటిమట్టం తగినంత లేదు," అన్నారు.

అది ఎక్కడికి పోయేదో గానీ, ఆ పొద్దుటి పేపర్లలో ఫోటో పడింది. జీను లేని గుర్రం, దాని మీద కోళ్ల గంప, గంప వెనక ముసలమ్మ. మంత్రి గారు దళానికి పతకం ప్రకటించేశారు కూడా. జరగని రక్షణకు పతకం ఇవ్వడం కుదరదు, ప్రకటించిన పతకం వెనక్కి తీసుకోవడం అంతకన్నా కుదరదు. కనుక రక్షణ జరిగి తీరాలి, కనుక జీను ఉండి తీరాలి. పరాంకుశం గారూ, కమాండెంటు గారూ తలుపులేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. తరవాత దస్తగిరిని పిలిచి, ముందురోజు గుర్రం మీద ఏమున్నదో మళ్లీ ఒకసారి జాగ్రత్తగా గుర్తు చేసుకోమన్నారు.

"ఏమీ లేదు సార్."

"అంటే, ‘ఏమీ లేకపోవడం’ ఉన్నది," అన్నారు పరాంకుశం గారు. ఆయన ముఖం వెలిగింది.

వారం తిరక్కుండా నియమావళికి ఎనిమిదో అధ్యాయం కలిసింది. శూన్య జీను. బరువు సున్న. తోలు సున్న. పొడవు, వెడల్పు గుర్రమును బట్టి. రంగు ముదురు గోధుమ. ఉపయోగం: జల విపత్తు తదితర సందర్భములలో. ఒక్కో గుర్రానికి ఒకటి చొప్పున పద్నాలుగు శూన్య జీనులు నెలాఖరుకు తయారు చేసి అప్పగించవలెనని దస్తగిరికి ఉత్తర్వు.

దస్తగిరి ఉత్తర్వు మడిచి, చేయనన్నాడు. అబద్ధం కుట్టడం తనకు రాదన్నాడు. కుసుమకుమారి సివంగి కట్టు మార్చడానికి వచ్చి అతన్ని పక్కకు పిలిచింది. శూన్య జీను వేసిన గుర్రం ఇక జీను లేని గుర్రం కాదని చెప్పింది. పుండున్నన్నాళ్లూ సివంగికి దాన్నే వేసి ఉంచొచ్చు, అది విధిలో ఉన్నట్టే, వేలం మాటే లేదు. దస్తగిరి చాలాసేపు ఆ పుండుకేసి చూస్తూ నిలబడ్డాడు. తరవాత గదిలోకి పోయి, పద్నాలుగు కొయ్యలు కొత్తగా కొట్టి, ఒక్కొక్కదాని కింద అంకె వేశాడు. ‘తయారు చేయడమైనది’ అని సంతకం పెట్టాడు.

మిగతా పని ఓబులేసు చూసుకున్నాడు. ఉత్తర్వులో ‘తదితర’ అన్న మాట అతని కంటబడింది. తదితర అంటే ఏవి అని ఆఫీసును అడిగాడు. తదితర అంటే తదితరమేనని ఆఫీసు స్పష్టం చేసింది. ఆనాటి నుంచి గస్తీ తదితరమే, వెంబడింపు తదితరమే, ఎద్దూ తదితరమే. డేరా అటకెక్కింది. దస్తగిరి వీపుల మీద మందపాటి కంబళి మాత్రం పరిచేవాడు. కంబళి జీను కాదు గనక నియమావళికి దానితో పేచీ లేదు. మహిళా కానిస్టేబుళ్లు రెండు కాళ్లూ చెరోపక్క వేసుకున్నారు. పుండు మానింది. సివంగి మీద ఓబులేసు ఒక గొలుసు దొంగను సందు చివర దాకా తరిమి పట్టుకున్నాడు కూడా. వాడు స్టేషన్లో కూర్చుని, ఇది అన్యాయమని, ముందుగా డేరా వేస్తారనే తాను మెల్లగా పోతున్నానని వాపోయాడు.

నెలాఖరుకు నాణ్యతా పరిశీలకుడొచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో టేపు, జేబులో రెండు జతల కళ్లద్దాలు. దస్తగిరి అతన్ని జీనుల గదిలోకి తీసుకుపోయి ఖాళీ కొయ్యలు చూపించాడు. పరిశీలకుడు అద్దాలు మార్చుకుని, మొదటి కొయ్య దగ్గర గాలిలో చేయి ఆడించి, టేపు పరిచి కొలిచి, రాసుకున్నాడు. రెండోది, మూడోది అలాగే. దస్తగిరి అతని ముఖంలో నవ్వు కోసం చూశాడు. కనబడలేదు. తొమ్మిదో కొయ్య దగ్గర పరిశీలకుడు ఆగి, వంగి, పక్కకు తిరిగి, మళ్లీ వంగి చూశాడు.

"ఇందులో కుట్టు వదులుగా ఉన్నది. తిరస్కరించడమైనది," అన్నాడు.

దస్తగిరికి చెవులు వేడెక్కాయి. ఇరవై ఏడేళ్లలో తన కుట్టును వదులని అన్న మగాడు లేడు.

"యాడ వదులుందో జూపించు సార్," అన్నాడు. "మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు అది. మా నాయన నేర్పిచ్చిన కుట్టు. పదేళ్లు వానలో నానినా ఒక్క పోగు లెయ్యదు."

పరిశీలకుడు చూపుడు వేలుతో గాలిలో ఒక చోటు చూపించాడు. అది కుట్టు కాదు, మడత అన్నాడు దస్తగిరి. గుర్రం భుజం కదలడానికి అక్కడ మడత వదలాల్సిందే అన్నాడు. మిగతా పదమూడింటికి ఆ మడత ఎందుకు లేదని పరిశీలకుడు అడిగాడు. తొమ్మిదోది సివంగిదనీ, దానికి భుజాలు వెడల్పనీ, ఒక్కో వీపుకు ఒక్కో కోత ఉంటుందనీ, అది తెలియనివాళ్లు జీనుల జోలికి రాకూడదనీ దస్తగిరి చెప్పాడు. అరగంట వాదించుకున్నారు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. చివరికి పరిశీలకుడు తగ్గి, తిరస్కరణ కొట్టేసి, ‘పనితనం శ్లాఘనీయం’ అని రాసి, అద్దాలు తీసి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

దస్తగిరి తలుపుకు తాళం వేశాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా రెండుసార్లు లాగి చూశాడు. శాల వైపు పోతుంటే ఎదురొచ్చిన ఓబులేసు, ఏమైందన్నా, మొగమంతా అట్ల ఎర్రబడిందే అని అడిగాడు.

"తొమ్మిదోదాని కుట్టు బాగలేదన్యాడప్పా," అన్నాడు దస్తగిరి. "ఇడిస్తానా నేను. ఒప్పిచ్చి పంపించినా."

ఓబులేసు కొంచెం దూరం పక్కనే నడిచి, సివంగి కట్టేసిన చోట నిలబడి, మిస్త్రీ మొహంలో నవ్వు కోసం ఒకసారి తేరిపార చూశాడు. కనబడలేదు. తరవాత టోపీ తీసి చంకలో పెట్టుకుని, పశువుల డాక్టరమ్మ ఇంకా ఆఫీసులోనే ఉందేమో కనుక్కుని వస్తానని చెప్పి పోయాడు.